లిహాఫ్‌లో దూది ఎవరు ఏకారు?

మేం దూదేకుల వాళ్లం. పరుపులు కుడతాం, బొంతలు కుడతాం, దిండ్లలో దూది కూరతాం. గోదావరి కాలవ గట్ల మీద ఊరూరూ తిరిగి, వీధి అరుగుల ముందు నిలబడి కేకేసి, పని దొరికితే ఆ పూట తిన్నవాళ్లం. భుజాన దూది ఏకే విల్లు. జుట్టులో దూది, కనురెప్పల మీద దూది, దగ్గితే గొంతులోంచి దూది.

అందుకే ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ కథ గురించి ఎవరు ఎక్కడ మాట్లాడినా నాకు ముందుగా ఒక ప్రశ్న పుడుతుంది. లిహాఫ్ అంటే దూది నింపిన రజాయి. ఆ రజాయి కింద ఏం జరిగిందో లోకమంతా తొంగి చూసింది. అందులో దూది ఎవరు ఏకారు? దాన్ని ఎవరు కుట్టారు?

నవ్వకండి. ఇది పరుపులు కుట్టేవాళ్ల చాదస్తం కాదు. ఆడది ఆడదాన్ని ప్రేమించిన కథల్లో కూలి చేసే ఆడది ఎక్కడుందని అడుగుతున్నాను.

‘లిహాఫ్’ 1942లో వచ్చింది. అశ్లీలం అంటూ లాహోర్ కోర్టులో కేసు నడిచింది. నేరం నిలబడలేదు. ఆ రోజుల్లో, ఒక ముస్లిం స్త్రీ, అంత ధైర్యంగా రాయడం మాటలా? ఇస్మత్‌కి సలాం. అయినా అడుగుతాను. నవాబు గారి భార్య బేగం జాన్ అందగత్తె. తెల్లని ఒళ్లు, మెత్తని చేతులు. ఆమె ఒళ్లు పట్టే పనిమనిషి రబ్బు నల్లగా, మొహం నిండా స్ఫోటకం మచ్చలతో, బండగా ఉంటుంది. బేగం ఒంటరితనం మనకి తెలుస్తుంది. భర్త పట్టించుకోక ఆమె ఎలా ఎండిపోయిందో తెలుస్తుంది. రబ్బుకి ఒక కొడుకున్నాడు. వాణ్ణి చూడటానికి రబ్బు వెళ్తే ఇక్కడ బేగం తల్లడిల్లిపోయింది. ఇదంతా కథలో ఉంది. వెళ్లిన రబ్బు తల్లడిల్లిందా? ఆమెది ప్రేమా, జీతమా, రెండూనా? కథ చెప్పదు. రబ్బుకి చేతులున్నాయి, మనసు లేదు.

ఆ రజాయి నీడ గోడ మీద ఏనుగులా ఊగుతుంటే కథ చెప్పే చిన్నపిల్ల భయంతో వణికిపోతుంది. ఇద్దరాడవాళ్ల ప్రేమ ఎదురుపడిన చోటల్లా మన కథలకి ఏదో ఒక నీడ కావాలి. జిన్నో, పరీయో, శాపమో, మారువేషమో కావాలి. అందుకే ఈ ప్రేమలు ఎక్కువగా పాతకాలపు రాజుల కథల్లో, మాయల కథల్లో దాక్కున్నాయి. దాక్కోనివ్వండి. మా గొడవ వేరే. ఆ మాయ ఎవరికి దక్కింది?

మా ఇంట్లో నానీమా లేదు. అమ్మమ్మే. దూదేకుల వాళ్లకి తురకం రాదని వెక్కిరిస్తారే, ఆ వెక్కిరింత నిజమే. మా అమ్మమ్మ అల్లాని తెలుగులోనే పిలిచింది, తెలుగులోనే తిట్టింది. కానీ ఆమెకి అలీఫ్ లైలా కథలు వచ్చు. ఎలా వచ్చాయి? ఒక సయ్యద్‌ల ఇంట్లో ప్రతి చలికాలం ముందూ రజాయిల పని ఉండేది. ఆ ఇంటి పెద్దావిడ మధ్యాహ్నాలు మంచం మీద కూర్చుని ఉర్దూ పుస్తకం చదివి, కోడళ్లకి అర్థం చెప్పేది. మా అమ్మమ్మ వసారాలో దూది ఏకుతూ వినేది. మంచం మీద కూర్చోమని ఎవరూ అనలేదు. కలిసి నమాజు చేయొచ్చు, కలిసి మంచం మీద కూర్చోకూడదు! విల్లు చప్పుడుకి సగం కథ వినపడేది కాదట. ఆ సగం అమ్మమ్మే కల్పించుకుంది.

అలా మాకు బుదూర్ కథ వచ్చింది. మైమూనా అనే జిన్ను రాకుమార్తె, దహ్‌నష్ అనే ఇంకో జిన్ను పంతం పడతారు. ఖమరుజ్జమాన్ అనే రాకుమారుడు అందగాడా, బుదూర్ అనే రాకుమార్తె అందగత్తెనా అని. నిద్రలో ఉన్న బుదూర్‌ని ఎత్తుకొచ్చి అతని పక్కన పడుకోబెడతారు. వాళ్లు ప్రేమలో పడటం, విడిపోవడం, పెళ్లి చేసుకోవడం, మళ్లీ విడిపోవడం. అప్పుడు బుదూర్ మొగుడి బట్టలు వేసుకుని, మొగుడి పేరు పెట్టుకుని ఆబనూస్ దీవులకి చేరుతుంది. అక్కడి రాజు ముచ్చటపడి తన కూతురు హయాతున్నుఫూస్‌ని ఇచ్చి పెళ్లి చేస్తాడు. సింహాసనం కూడా ఇస్తాడు. ఆ రాత్రులు ఇద్దరు రాకుమార్తెలు ఒకే పక్క మీద. ముద్దులున్నాయి. కబుర్లున్నాయి. చివరికి బుదూర్ నిజం చెప్పేస్తుంది. హయాత్ అరవదు, ఏడవదు, తండ్రికి చెప్పదు. పావురాన్ని కోసి రక్తం దుప్పటికి పూసి, లోకం నోరు మూయిస్తుంది.

మా అమ్మమ్మ ఇక్కడ ఆగి, “నమ్ముకున్నదాని గుట్టు కాపాడిందమ్మా పిల్ల” అనేది. అంతే. తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు.

తర్వాత నేను తెలుగులో చదివిన అరేబియన్ నైట్స్‌లో అల్లావుద్దీన్ ఉన్నాడు, ఆలీబాబా ఉన్నాడు, సింద్‌బాద్ ఉన్నాడు. హయాత్ లేదు. పిల్లల పుస్తకం కదా, తీసేశారు. సరే, పెద్దల మాటేమిటి? అలీఫ్ లైలా అనగానే తెలుగు పెద్దలకి గుర్తొచ్చేది జనానా, మత్తు, కామం. తురకల కథలు కదా, అలాగే ఉంటాయి!

మరి రుద్రమదేవి సంగతేమిటి అయ్యా?

మీ తెలుగుజాతి గర్వకారణమే. మాకూ గర్వకారణమే. 1262 నుంచి 1289 దాకా ఏలింది. శాసనాల్లో ఆమెని ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతో చెక్కారు. గణపతిదేవుడు ఆమెని మగపిల్లవాడిలా పెంచాడని కథలు చెప్పుకున్నారు. ఆమె మొగుడు చాళుక్య వీరభద్రుడు మా గోదావరి జిల్లా నిడదవోలు వాడు. ఆ కాలాన్ని ‘గోన గన్నారెడ్డి’ నవలగా రాసిన అడివి బాపిరాజు మా భీమవరం వాడు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో మగవేషంలో ఉన్న రుద్రమకి ముక్తాంబ అనే ఆడపిల్లనిచ్చి పెళ్లి చేస్తారు. పిల్లాపాపలతో కుటుంబాలు వెళ్లి ఆ సినిమా చూశాయి. ఎవరూ బూతు అనలేదు. అనకూడదు కూడా. కానీ చూడండి. మగవేషం వేసుకున్న రాకుమార్తె, ఆమెని పెళ్లాడిన ఇంకో రాకుమార్తె, రాజ్యం కోసం దాచిన గుట్టు. బుదూర్ కథకీ దీనికీ తేడా ఎక్కడుంది? ఒకటి వీరగాథ, ఒకటి జనానా బాగోతం ఎలా అయ్యాయి?

రాజమండ్రి మసీదు శాసనం 1324 నాటిది. రుద్రమ చనిపోయిన ముప్ఫై అయిదేళ్లకే ఇక్కడ మా బాంగు వినపడింది. ఏడు వందల ఏళ్లుగా ఈ నీళ్లు తాగుతున్నా మా కథలు ఇంకా అరేబియా నుంచి దిగుమతైన సరుకేనా?

ఈ దుర్మార్గం ఎంత దూరం పోయిందో 1998లో చూశాం. దీపా మెహతా ‘ఫైర్’ సినిమాలో ఇద్దరు తోడికోడళ్లు, రాధ, సీత, ప్రేమించుకున్నారు. థియేటర్లు పగలగొట్టారు. ఆ పాత్రలకి ముస్లిం పేర్లు పెట్టుకుంటే తమకి అభ్యంతరం లేదని పగలగొట్టినవాళ్ల నాయకుడు అన్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అంటే సీతకి ఉండకూడని కోరిక షబానాకి ఉండొచ్చు. ఆడదాని ఒంటి మీద ఆ కోరిక మచ్చ అయితే, దాన్ని మోయడానికి మేమున్నాం. ఎన్ని మచ్చలు మోయమంటారు మమ్మల్ని?

ఇక్కడి దాకా మా వాళ్లంతా చప్పట్లు కొడతారు. ఇక్కడి నుంచి కొట్టరు. ఎందుకంటే ఇప్పుడు మన ఇంటి లోపలికి వస్తున్నాను.

బుదూర్ రాకుమార్తె. హయాత్ రాకుమార్తె. పావురం రక్తం పూసిన దుప్పటిని మర్నాడు ఎవరు ఉతికారు? ఉతికినదానికి పావురం రక్తానికీ ఆడదాని రక్తానికీ తేడా తెలీదా? తెలిసీ నోరు మూసుకుంది కనకే హయాత్ గుట్టు దాగింది. ఆ కనీజు పేరు కథలో లేదు.

మీర్ హసన్ 1785లో రాసిన ‘సిహ్రుల్ బయాన్’ మస్నవీ తీసుకోండి. పరీలు, ఎగిరే గుర్రం, జిన్నుల రాజు కొడుకు, అన్నీ ఉన్నాయి. రాకుమార్తె బద్రె మునీర్ ప్రియుడు కనపడకుండా పోతే, ఆమె నేస్తం నజ్మున్నిసా జోగిని వేషం వేసి, వీణ పట్టుకుని అడవులు పడుతుంది. నేస్తం కోసం ఇల్లూ ఒళ్లూ వదిలేసింది. ఆ మస్నవీలో అంతకన్నా గొప్ప ప్రేమ నాకు కనపడలేదు. కానీ నజ్మున్నిసా వజీరు కూతురు. నేస్తం కోసం జోగిని కావాలన్నా వజీరు కూతురై పుట్టాలి. కూలిదాని కూతురు ఇల్లొదిలి అడవులు పడితే దాన్ని జోగిని అనరు, లేచిపోయింది అంటారు.

మనవాళ్లే కాదు. 1872లో ఐర్లండ్ రచయిత లెఫాను ‘కార్మిల్లా’ రాశాడు. నెత్తురు తాగే దొరసాని కథ. కోటలో ఉండే జమీందారీ పిల్ల లారాని ఆమె మెల్లమెల్లగా, ముద్దుగా, నెలల తరబడి ప్రేమిస్తూ తాగుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో పేదపిల్లల్ని మాత్రం చకచకా చంపేస్తుంది. ఒక పల్లెపిల్ల శవం దారిన పోతుంటే ఆ పాటలు చెవులకి బాధగా ఉన్నాయని విసుక్కుంటుంది. లారా ప్రియురాలు, పల్లెపిల్లలు భోజనం. వర్గం అంటే ఏమిటో తెలియాలంటే పెద్ద పెద్ద గ్రంథాలక్కర్లేదు. దయ్యం ఎవర్ని ఎలా తింటుందో చూస్తే చాలు.

మా రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు రాశాడు. ఒక యతి కాశీకి పోతూ, తోడుగా ఒక పశువులకాపరి కుర్రాణ్ణి తీసుకెళతాడు. దారిలో సేవ చేసినందుకు మజిలీ మజిలీకీ ఒక కథ కూలి. నాకా కుర్రాడంటే ప్రాణం. మా అమ్మమ్మలాగే అతనూ పనిచేస్తూ కథ విన్నవాడు. కానీ అన్ని భాగాలు నడిచినా ఆ కథల్లో రాకుమారులు, రాకుమార్తెలు, గంధర్వ కన్యలు. విన్నవాడి కథ మాత్రం మజిలీ ముందే ఆగిపోతుంది.

ఇప్పుడు మా అక్క సంగతి చెబుతాను. పెద్దమ్మ కూతురు. పేరు చెప్పను, ఊరు చెప్పను.

ఒక ఆసామి గారి ఇంట్లో పెళ్లికి పరుపులూ బొంతలూ కుట్టడానికి పెద్దమ్మా అక్కా వెళ్లారు. మూడు వారాల పని. ఆ ఇంటి రెండో అమ్మాయికి జానపద నవలల పిచ్చి. అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెప్పించుకునేది. అక్కకి చదువు రాదు. ఆమె చదివేది, అక్క కుడుతూ వినేది. పుస్తకాలు అయిపోతే అక్క అమ్మమ్మ కథలు చెప్పేది. బుదూర్ కథ చెప్పింది. ఇద్దరూ ఆ కథ ఆడుకున్నారు. పని అయిపోయాక కూడా అక్కకి ఆ ఇంట్లో ఏదో ఒక కుట్టుపని తగిలేది. ఏడాది పాటు తగిలింది. ఆ ఏడాదంతా అక్క ఆమెని ‘అమ్మాయిగారు’ అనే పిలిచింది. ప్రేమ కూడా ఆ ‘గారు’ని తియ్యలేకపోయింది.

ఒక మధ్యాహ్నం మేడ మీద గదిలో, మా పెద్దమ్మ చేతుల్తో కుట్టిన బొంత కింద, ఇద్దరూ పడుకుని కనపడ్డారు.

ఆ తర్వాత ఏం జరిగిందో జాగ్రత్తగా వినండి. అమ్మాయిగారికి నరాల నీరసం అన్నారు. పట్నంలో డాక్టరుకి చూపించారు, టానిక్కులు ఇచ్చారు, ఆరు నెలల్లో మంచి సంబంధం చేశారు. మా అక్కకి జిన్ను పట్టింది అన్నారు. అన్నది మా వాళ్లు కాదు, ముందు ఆసామి గారి ఇంటివాళ్లే. “మీ పిల్లకి ఏదో సోకింది, మీ దర్గాకి తీసుకుపోండి, మళ్లీ ఈ గడప తొక్కొద్దు” అని కబురు పెట్టారు. అంతవరకూ జిన్నులంటే నవ్విన పెద్దింటివాళ్లకి ఆ ఒక్కరోజూ జిన్నుల మీద నమ్మకం కుదిరింది. మా వాళ్లు తలవంచుకుని తీసుకెళ్లారు. నలభై రోజులు. కాలికి గొలుసు. ముక్కు కింద మిరపకాయల పొగ. నేను అప్పుడు చిన్నపిల్లని. అమ్మ వెంట అన్నం క్యారేజీ పట్టుకెళ్లి చూశాను.

జిన్నుని పేరు అడిగారు. నీ పేరేమిటి, ఏ చెట్టు మీద ఉంటావు, ఈ పిల్లనెందుకు పట్టావు అని. అక్క చాలాసేపు మాట్లాడలేదు. పొగ పెట్టారు. అప్పుడు చెప్పింది. “బుదూర్.”

అందరూ తలలూపారు. అరబ్బీ పేరు, పెద్ద జిన్నే అన్నారు. తాయెత్తు మీద ఆ పేరు రాసి కట్టారు. అక్కడున్న వాళ్లలో అది ఒక కథలో రాకుమార్తె పేరని తెలిసింది మా ఇద్దరికే. అక్క నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ తల దించుకోవడానికి జవాబే ఈ వ్యాసం.

రాకుమార్తె ఆడదాన్ని ప్రేమిస్తే జిన్నులు పల్లకీ మోస్తాయి. దూదేకుల పిల్ల ప్రేమిస్తే జిన్ను దానికి పడుతుంది. కథలో అదే జిన్ను, దర్గాలో అదే జిన్ను. పని మారిపోయింది. పెద్దింటి అమ్మాయికి అదే ప్రేమ జబ్బు అయింది, జబ్బుకి మందుంటుంది. మా అక్కకి దయ్యం అయింది, దయ్యానికి దెబ్బలుంటాయి.

మన పెద్దలు అడుగుతారని తెలుసు. “అమ్మా, మసీదులు కూలుతుంటే, మన పిల్లల్ని తీవ్రవాదులని జైళ్లలో పెడుతుంటే, ఇప్పుడు ఈ మాటలెందుకు? శత్రువు చేతికి కత్తి ఇస్తున్నావు.” భాయీ, మనం మన గుర్తింపు గురించి ఇన్నేళ్లుగా రాస్తున్నాం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ‘జల్‌జలా’ 1998లో వచ్చింది. మమ్మల్ని మనుషులుగా చూడండి అని దేశాన్ని నిలదీశాం. ఆ మనుషుల్లో మా అక్క ఉందా లేదా? ఇంటి బయట మనందరం ముస్లింలమే. ఇంటి లోపల సయ్యద్, పఠాన్, దూదేకుల, ఫకీరు. సర్కారు లెక్కలో దూదేకుల బి.సి.-బి. 2007లో వచ్చిన బి.సి.-ఇ జాబితాలో సయ్యదులు, పఠాన్లు లేరు. సర్కారుకి కనపడ్డ తేడా మన కథలకి కనపడదా?

వామపక్ష మిత్రులు అంటారు: “ముందు ఆకలి, తర్వాత ఈ ప్రేమలు. ఇవి తిన్నింటివాళ్ల సరదాలు.” మా అక్క ఆ ఏడాదంతా గంజి తాగి ప్రేమించింది. ఆకలి ఉన్నవాళ్లకి వేరే కోరికలు ఉండవని రాసింది తిన్నింటివాళ్లే.

స్త్రీవాద మిత్రులకీ ఒక మాట. ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చినప్పుడు మాకూ ఊపిరాడింది. ఆడవాళ్ల ఒంటి గురించి మాట్లాడే ధైర్యం మీరిచ్చారు. కానీ ఇంట్లో ఒళ్లు పట్టే రబ్బుకీ, పట్టించుకునే బేగానికీ మధ్య ఉన్నది సోదరీత్వమొక్కటేనా? జీతం ఎవరు ఇస్తున్నారో చూడకుండా ప్రేమని తూచలేరు.

ఇక నగరాల్లో, ఇంగ్లీషులో, ఈ ప్రేమల గురించి గర్వంగా రాస్తున్న కొత్తతరం ఉంది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377 సెక్షన్ని పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకి వర్తించకుండా కొట్టేసిన రోజు నేనూ ఏడ్చాను. 2023లో పెళ్లి హక్కు ఇవ్వలేమన్న రోజూ ఏడ్చాను. కానీ వాళ్లు కథ రాయాలంటే మళ్లీ అదే హవేలీ, అదే బేగం, అదే అత్తరు, అదే షాయిరీ. ముస్లిం అంటే నవాబే అనుకునే సినిమా పిచ్చి వాళ్లకీ వదల్లేదు. సారా వాటర్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1999లో ‘అఫినిటీ’ నవల రాసింది. ఆత్మల్ని పిలిచే ఒక అమ్మాయి, ఆమెని ప్రేమించే ఒక పెద్దింటి స్త్రీ. నవలంతా మనం ఆ ఇద్దర్నే చూస్తాం. చివరికి తెలుస్తుంది, ఆత్మల అమ్మాయి ప్రియురాలు వేరే ఉంది. ఆ పెద్దింటిలో పనిచేసే మనిషే! మొదట్నించీ కథలో తిరుగుతూనే ఉంది. పనిమనిషి కదా, మనం చూడలేదు. ఆ పేజీ దగ్గర నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేనూ చూడలేదు. దూదేకుల దాన్ని, నేనూ చూడలేదు!

కాబట్టి నా డిమాండు చిన్నదే. పాతకాలం కథలు రాయండి. జిన్నుల్ని, పరీల్ని, ఓరుగల్లుని, గోల్కొండని, నిడదవోలు కోటని తీసుకోండి. ఆడది ఆడదాన్ని ప్రేమించనివ్వండి. కానీ ఈసారి జిన్నుల్ని మా ఇంటికి పంపండి. నిద్రపోతున్న దూదేకుల పిల్లని పరుపుతో సహా ఎత్తుకెళ్లనివ్వండి. రుద్రమ గుర్రం దిగితే కళ్లెం పట్టుకున్న ఆడది ఎవర్ని తలుచుకుని నిద్రపోయిందో రాయండి. హయాత్ దుప్పటి ఉతికిన కనీజుకి ఒక పేరు పెట్టండి. మీరు రాయకపోతే మేమే రాసుకుంటాం. విల్లు చప్పుడులో వినపడని సగం కథని కల్పించుకోవడం మాకు తాత ముత్తాతల నాటి విద్య.

మా అక్క బతికే ఉంది. రెండో పెళ్లివాడికి ఇచ్చారు. పిల్లలు, మనవలు. దూది పని పోయింది, ఫోము పరుపులొచ్చాక మా విల్లుతో ఎవరికీ అవసరం లేదు. అటక మీద ఉంది. ఆ తాయెత్తు మాత్రం అక్క తియ్యలేదు. జిన్ను మళ్లీ వస్తుందన్న భయంతో ఉంచుకుందని ఇంట్లో అందరూ అనుకుంటారు.

దాని మీద ఏం పేరు రాసుందో నాకు తెలుసు.